స్కేరీ మూవీకి రివ్యూలు ఎందుకలా వచ్చాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినిమా గురించి ఎక్కడ మాట మొదలైనా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఇంత బూతు సినిమాకి అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ మూడు స్టార్లు ఎలా ఇచ్చాడని ఒకరు, విమర్శకులకి నవ్వడం చేతకాదని ఇంకొకరు, సగం మంది పెదవి విరిచిన సినిమా అంత ఎలా ఆడిందని మరొకరు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. 2000 నాటి సినిమా కాబట్టి కథలో మలుపులేవీ దాచలేదు.

## చూడకముందు

అసలిది హారర్ సినిమానా, కామెడీనా?

కామెడీ. భయపెట్టాలనే ఉద్దేశమే లేదు. 1990ల చివర్లో హాలీవుడ్‌లో వరసపెట్టి వచ్చిన టీనేజ్ హత్యల సినిమాలని ఎగతాళి చేస్తూ తీసిన స్పూఫ్. కీనెన్ ఐవరీ వేయన్స్ దర్శకుడు, ఆయన తమ్ముళ్ళు షాన్, మార్లన్ రాసినవాళ్ళలోనూ ఉన్నారు, తెర మీదా ఉన్నారు. 2000 జూలై 7న అమెరికాలో విడుదలైంది. కథకి వెన్నెముక స్క్రీమ్ (1996), దానికి ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్ (1997) అతికించారు, మధ్యమధ్యలో ద సిక్స్త్ సెన్స్, ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్, ద మేట్రిక్స్ లాంటివాటి మీద విసుర్లు.

పేరేంటి మరీ అంత సాదాగా పెట్టారు?

అందులోనే ఒక జోకుంది. కెవిన్ విలియమ్సన్ స్క్రీమ్ స్క్రిప్టు రాసినప్పుడు దానికి పెట్టుకున్న పేరు స్కేరీ మూవీయే. తర్వాత దాన్ని మార్చారు. అలా మిగిలిపోయిన పేరుని నాలుగేళ్ళ తర్వాత ఆ సినిమానే వెక్కిరించే సినిమాకి పెట్టారు. రెండింటినీ విడుదల చేసింది కూడా ఒకటే సంస్థ, డైమెన్షన్ ఫిల్మ్స్. అంటే తన హిట్టుని తనే ఎగతాళి చేసి మళ్ళీ డబ్బు చేసుకుందన్నమాట. వ్యాపారం తెలిసినవాళ్ళు.

స్క్రీమ్ చూడకుండా ఇది చూస్తే అర్థమవుతుందా?

కథ అర్థమవుతుంది, జోకుల్లో చాలా జారిపోతాయి. మొదటి సీన్‌లో కార్మెన్ ఎలెక్ట్రా పాత్ర పేరు డ్రూ. స్క్రీమ్ మొదటి సీన్‌లో చనిపోయేది డ్రూ బ్యారీమోర్ అని తెలిస్తే ఆ పేరుకే నవ్వొస్తుంది, తెలియకపోతే అదొక మామూలు పేరు. చివర్లో డూఫీ అనే పోలీసు కుంటుకుంటూ నడిచి నడిచి సరైన నడకలోకి వస్తాడు, ద యూజువల్ సస్పెక్ట్స్ (1995) చూడనివాళ్ళకి ఆ ముగింపు ఏమిటో అంతుపట్టదు. అప్పట్లో రివ్యూ రాసినవాళ్ళలో మెచ్చినవాళ్ళు కూడా ఈ షరతు పెట్టే మెచ్చారు. కనీసం స్క్రీమ్ ఒక్కటి చూసి కూర్చోండి.

ఇంట్లో అందరితో కలిసి చూడొచ్చా?

వద్దు. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్ళ లోపువాళ్ళు పెద్దవాళ్ళ తోడు లేకుండా థియేటర్లోకి రాకూడదు. కారణాల్లో మొట్టమొదట రాసింది ముతక శృంగార హాస్యం గురించే, భాష, మత్తుమందులు, హింస ఆ తర్వాత. పక్కన ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి మీకు నవ్వు రావచ్చు, లేదా రిమోట్ కోసం వెతుక్కోవాల్సి రావచ్చు.

## రివ్యూలు చదివేటప్పుడు

ఒక్క మాటలో చెప్పండి, విమర్శకులు బాగుందన్నారా, బాగాలేదన్నారా?

చీలిపోయారు. విమర్శకుల రివ్యూలన్నీ ఒకచోట చేర్చి లెక్క చెప్పే వెబ్‌సైట్లు రెండున్నాయి: రాటెన్ టొమాటోస్‌లో మెచ్చినవాళ్ళ శాతం సగం చుట్టూ ఉంటుంది, మెటాక్రిటిక్ సగటు 50కి కాస్త తక్కువ. ఈ రకం సినిమాకి ఇది చెడ్డ ఫలితం కాదు. అందరూ ఏకమై ఉతికి ఆరేసిన స్పూఫ్‌లు చాలా ఉన్నాయి, ఇది వాటిలో చేరదు. అందరూ నెత్తిన పెట్టుకున్న సినిమా కూడా కాదు.

రాటెన్ టొమాటోస్‌లో 50 అంటే నూటికి యాభై మార్కులేగా?

కాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. అది మార్కు కాదు, తలల లెక్క. ప్రతి రివ్యూని ముందు రెండు గుంపుల్లో ఒకదాంట్లో వేస్తారు: ఫరవాలేదు అన్నవి ఒక పక్క, లాభం లేదు అన్నవి ఇంకో పక్క. మొదటి గుంపు నూటికి ఎంతమందో అదే మీకు కనిపించే శాతం. 60, ఆపైన ఉంటే తాజా టమాటా, తగ్గితే కుళ్ళింది. వంద మంది విమర్శకులు వందమందీ "ఏదో ఒకసారి చూడొచ్చు" అన్నారనుకోండి, ఆ సినిమాకి 100 శాతం వస్తుంది. సగం మంది పగలబడి నవ్వి, సగం మంది మొహం చిట్లించి లేచిపోతే 50 వస్తుంది. బూతు కామెడీలకి జరిగేది చాలాసార్లు ఈ రెండోదే. అందుకే ఇలాంటి సినిమాకి వచ్చిన 50ని "యావరేజ్ సినిమా" అని చదవకూడదు, మీరు ఏ సగంలో పడతారో చూసుకోవాలి.

మెటాక్రిటిక్, సినిమాస్కోర్ కూడా అదే పద్ధతా?

మూడూ మూడు రకాలు. మెటాక్రిటిక్ ఒక్కో రివ్యూకి నూటికి ఇన్ని అని అంకె వేసి సగటు తీస్తుంది, అదీ అన్ని పత్రికలకీ సమానమైన బరువు ఇవ్వకుండా. సినిమాస్కోర్‌కి విమర్శకులతో సంబంధమే లేదు, విడుదలైన మొదటి రోజు అమెరికా థియేటర్లలో సినిమా చూసి బయటికొస్తున్న ప్రేక్షకుల్ని అడిగి ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తారు. మొదటి రోజే టికెట్ కొన్నవాళ్ళు ఎలాగూ ఆ సినిమా మీద ఇష్టంతో వచ్చినవాళ్ళే కదా, ఆ సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి.

రోజర్ ఎబర్ట్ లాంటి పెద్దాయన దీనికి మూడు స్టార్లు ఎలా ఇచ్చాడు?

నాలుగుకి మూడు, నిజమే. 1975లో పులిట్జర్ అందుకున్న విమర్శకుడు, ఆ బహుమతి పొందిన మొదటి సినిమా విమర్శకుడు ఆయనే, అలాంటాయన ఇలాంటిదానికి మూడిచ్చాడేంటని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆయన లెక్క చాలా సింపుల్: ఇలాంటి సినిమా దగ్గర అడగాల్సింది ఒక్కటే, నవ్వించిందా లేదా. నవ్వించిందన్నాడు. ఎయిర్‌ప్లేన్ (1980) అనే స్పూఫ్ స్థాయిలో కాదని కూడా చెప్పాడు, అది కొత్త దారి వేసింది కాబట్టి, కానీ తర్వాత్తర్వాత వచ్చిన అలసిపోయిన స్పూఫ్‌లలాగా లేదన్నాడు. టీనేజ్ హారర్ సినిమాలు తెలిసినవాళ్ళకే డబ్బులు గిట్టుబాటు అన్న షరతూ ఉంది.

ఆయన స్టార్లని అన్ని సినిమాలకీ ఒకే తూకంగా చూడకపోవడం మంచిది. మూడు స్టార్లంటే ఓ గొప్ప డ్రామాతో సమానమని కాదు, ఈ రకంలో ఇది పని చేసిందని. ఈ తేడా గమనించక చాలామంది అనవసరంగా కొట్టుకుంటారు.

మరి తిట్టినవాళ్ళు దేన్ని తిట్టారు? బూతునేగా?

అదే అనుకుంటారు అందరూ. రివ్యూలు చదివితే మాత్రం బూతు ఉందని ఫిర్యాదు చేసినవాళ్ళకంటే జోకులు పాతవని, అలసిపోయినట్టున్నాయని అన్నవాళ్ళ మాటే గట్టిగా వినిపిస్తుంది. వృత్తి విమర్శకుడు వారానికి అరడజను సినిమాలు చూస్తాడు, బూతుకి అంత తేలిగ్గా ఉలిక్కిపడడు. వాళ్ళ చిరాకు ఇంకోచోట: ఒక హిట్ సినిమాలోని సీన్‌ని అలాగే మళ్ళీ తీసి, చివర్లో ఒక బూతు కలిపి, "గుర్తుపట్టారా" అన్నట్టు ఆగితే గుర్తుపట్టినందుకు వచ్చే నవ్వే తప్ప జోకుకి వచ్చే నవ్వు కాదు. మేట్రిక్స్‌లో గాల్లో ఆగి తన్నే సీన్ మీద ఎగతాళి అప్పటికే యాడ్‌లలో, కార్టూన్లలో అరిగిపోయింది. ఫోన్‌లో "వాసప్" అని నాలుకలు చాపి అరుచుకునే సీన్ ఆ కాలపు ఒక బీరు ప్రకటన మీద పేరడీ, ఆ ప్రకటనే కామెడీ, దాన్ని మళ్ళీ అరిచి చూపించడంలో కొత్తగా కలిపింది ఏమీ లేదు.

ఇందులో నేను తిట్టినవాళ్ళ పక్షమే సగం. మిగతా సగం గురించి చెప్పాలంటే బ్రెండా థియేటర్ సీన్ చూడమంటాను. రెజీనా హాల్ పాత్ర థియేటర్లో కూర్చుని సినిమా నడుస్తుంటే గట్టిగా వాగుతూనే ఉంటుంది, ఫోన్ మాట్లాడుతుంది, చివరికి స్క్రీమ్ నుంచి తెచ్చిన ముసుగు హంతకుడి అవసరం లేకుండా చుట్టూ ఉన్న ప్రేక్షకులే విసిగిపోయి ఆమెని పొడిచేస్తారు. అక్కడ ఎగతాళి సినిమా మీదా ఉంది, సినిమా చూసే మన మీదా ఉంది. ఆ ముసుగుని తీసేసి చూసినా ఆ జోకు నిలబడుతుంది.

స్క్రీమే సగం కామెడీ కదా, దాన్ని మళ్ళీ ఎగతాళి చేయడమేంటి?

అప్పటి రివ్యూల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాదన ఇదే. మామూలుగా స్పూఫ్‌కి కావాల్సింది బిగదీసుకుపోయిన, తనని తాను చాలా సీరియస్‌గా తీసుకునే సినిమా. ఎయిర్‌ప్లేన్ తీసినవాళ్ళు 1957లో వచ్చిన జీరో అవర్ అనే గంభీరమైన విమాన ప్రమాద సినిమాని పట్టుకుని, అందులోని డైలాగులే చాలావరకు వాడుకున్నారు. ఆ మాటలే నవ్వు పుట్టించాయి, ఎందుకంటే మొదట రాసినవాళ్ళకి నవ్వించే ఉద్దేశం లేదు.

స్క్రీమ్ అలా కాదు. వెస్ క్రేవెన్ తీసిన ఆ సినిమాలో పాత్రలే హారర్ సినిమాల సూత్రాలు వల్లిస్తుంటాయి, ఎవరు ముందు చస్తారో, ఎవరు బతుకుతారో చెప్పుకుని నవ్వుకుంటాయి. తనని తనే వెక్కిరించుకునే మనిషిని మనం వెక్కిరించబోతే ఏమవుతుంది? మన మాట వాడి మాట కంటే పదునుగా లేకపోతే మనమే చిన్నబోతాం. అందుకే కొందరు విమర్శకులు ఈ సినిమాని అనవసరమైన ప్రయత్నం అన్నారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. స్క్రీమ్ తెలివైనదే కానీ తను తెలివైనదన్న సంగతి దానికి బాగా తెలుసు. ఆ తెలివిమీరినతనాన్నే వేయన్స్ సోదరులు పట్టుకున్నారు: ఇన్ని సూత్రాలు తెలిసిన పిల్లలు మళ్ళీ హంతకుడు ఉన్న వైపే ఎందుకు పరిగెడతారు? మొదటి సీన్‌లో డ్రూకి రెండు బోర్డులు కనిపిస్తాయి, ఒకటి క్షేమం, రెండోది చావు. చావు వైపే పరిగెడుతుంది. ఒక్క డైలాగ్ లేకుండా మొత్తం ఆ సినిమాల పరువు తీసేసిన ముక్క అది. ఇలాంటివి సినిమాలో ఇంకో అరడజను ఉండి ఉంటే రివ్యూల కథ వేరేలా ఉండేది.

రేటింగ్ మీద ఏదో గొడవ జరిగిందట?

గొడవ అంటే పెద్ద మాట, ఆశ్చర్యం అనొచ్చు. అమెరికాలో ఆర్ కంటే పైది ఎన్‌సీ-17, అది పడితే 17 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసువాళ్ళకి ప్రవేశమే ఉండదు, చాలా థియేటర్లు ఆ సినిమాని వేయడానికే వెనకాడతాయి. ఈ సినిమాలో ఉన్న కొన్ని సీన్లు చూసి, ఇది ఆర్‌తో ఎలా బయటపడిందని విమర్శకులు మెచ్చినవాళ్ళూ తిట్టినవాళ్ళూ కలిసి అడిగారు. బూతు నవ్వు కోసమైతే రేటింగ్ ఇచ్చే బోర్డు చూసీచూడనట్టు వదిలేస్తుందా అన్నది అసలు ప్రశ్న. ఆ మాటలే సినిమాకి ఉచిత ప్రచారం కూడా అయ్యాయి.

నటుల గురించి ఎవరూ మాట్లాడలేదా?

మాట్లాడారు, కానీ తక్కువ. హీరోయిన్ అన్నా ఫారిస్‌కి ఇదే మొదటి పెద్ద పాత్ర. చుట్టూ అంత గోల జరుగుతుంటే ఆమె మాత్రం నిజమైన హారర్ సినిమాలో ఉన్నట్టే నటిస్తుంది, అదే ఇలాంటి సినిమాలో కష్టమైన పని. రెజీనా హాల్ గురించి అప్పటి కంటే తర్వాతి ఏళ్ళలోనే ఎక్కువ చెప్పుకున్నారు.

## వసూళ్ళ సంగతి

రివ్యూలు అంతంతమాత్రమైతే అంత ఎలా ఆడింది?

ముందు అంకెలు: ఖర్చు 1.9 కోట్ల డాలర్లు. మొదటి వీకెండ్‌లోనే అమెరికాలో 4.23 కోట్లు, అప్పటికి ఆర్ రేటింగ్ సినిమాల్లో అదే అతి పెద్ద ఓపెనింగ్. మొత్తం అమెరికాలో 15.7 కోట్లు, ప్రపంచమంతా కలిపి దాదాపు 27.8 కోట్ల డాలర్లు. ఆ ఏడాది అమెరికాలో ఎక్కువ వసూలు చేసిన 10 సినిమాల్లో ఇదొకటి.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. స్క్రీమ్, దాని సీక్వెళ్ళు, దాని వెనకాల వచ్చిన అనుకరణలు నాలుగేళ్ళుగా ఆడుతున్నాయి, వాటిని చూసిన కుర్రకారు అంతా ఈ జోకులకి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు రివ్యూ చదివి వెళ్ళే రకం కాదు, ట్రైలర్ చూసి స్నేహితుల గుంపుతో వెళ్ళే రకం. ఇంకోటి, హాస్యం ఒంటరిగా చూసేటప్పుడు ఒకలా, నిండిన హాల్లో ఒకలా ఉంటుంది. వెయ్యిమంది నవ్వితే పక్కవాడి నవ్వే మనకి అంటుకుంటుంది.

విమర్శకులకి చూపించకుండానే రిలీజ్ చేసే స్పూఫ్‌లు ఉన్నాయట, నిజమేనా?

ఉన్నాయి. రివ్యూలు చెడ్డగా వస్తాయని స్టూడియోకి ముందే తెలిస్తే పత్రికల వాళ్ళకి ముందస్తు షో వేయదు, దాంతో శుక్రవారం ఉదయానికి రివ్యూలు ఉండవు, వచ్చేసరికి వీకెండ్ సగం అయిపోతుంది. 2006 తర్వాత వచ్చిన స్పూఫ్‌లలో ఈ పద్ధతి బాగా నడిచింది. ముందస్తు షో లేదంటే సినిమా ఖచ్చితంగా చెత్త అని కాదు గానీ, తీసినవాళ్ళకే నమ్మకం లేదని మాత్రం అనుకోవచ్చు.

## సీక్వెల్స్ మొదలయ్యాక

సీక్వెల్ ఉండదని పోస్టర్ మీదే వేశారుగా?

వేశారు. కనికరం లేదు, సిగ్గు లేదు, సీక్వెల్ లేదు అన్న అర్థం వచ్చేలా. రెండో భాగం పోస్టర్ మీద అబద్ధమాడామని ఒప్పుకున్నారు. ఆ రెండో పోస్టరే ఆ సినిమా మొత్తంలో మంచి జోకు అని నా అభిప్రాయం.

రెండో భాగాన్ని మొదటిదానికంటే ఎందుకంత ఘోరంగా తిట్టారు?

మొదటిది వచ్చిన ఏడాది తిరక్కుండా, 2001 జూలై 4న దింపేశారు. ఖర్చు 4.5 కోట్ల డాలర్లకి పెరిగింది, ప్రపంచ వసూళ్ళు సుమారు 14.1 కోట్లకి, అంటే సగానికి పడిపోయాయి. తొందర ప్రతి సీన్‌లో కనిపిస్తుందన్నది రివ్యూల్లో మళ్ళీ మళ్ళీ వచ్చిన మాట. ద ఎగ్జార్సిస్ట్ మీద పేరడీతో మొదలవుతుంది. అందులో చర్చి ఫాదర్ పాత్రకి మొదట మార్లన్ బ్రాండోని తీసుకున్నారు, ఆయన ఆరోగ్యం సహకరించక జేమ్స్ వుడ్స్ చేశాడు. ఆ తర్వాత కథంతా ద హాంటింగ్ (1999) మీద నడుస్తుంది. చిక్కేంటంటే ఆ సినిమాని చూసి జనం అప్పటికే నవ్వేశారు. ఎవరూ గౌరవించని దాని పరువు తీయడంలో మజా ఏముంటుంది? పైగా వైకల్యం మీద వేసిన జోకులు, మలమూత్రాల జోకులు అంతకంతకీ పెరిగి, నవ్వు తగ్గిన చోటల్లా బురద పోసినట్టు అయింది.

మూడో భాగానికి కాస్త మంచి మాటలు ఎందుకు వచ్చాయి?

చెయ్యి మారింది కాబట్టి. 2003 అక్టోబర్‌లో వచ్చిన మూడోదాన్ని ఎయిర్‌ప్లేన్ తీసిన ముగ్గురిలో ఒకరైన డేవిడ్ జుకర్ తీశాడు, లెస్లీ నీల్సన్ అమెరికా అధ్యక్షుడిగా వచ్చాడు. రేటింగ్ పీజీ-13కి దిగింది, అంటే బూతు తగ్గించి తలకి దెబ్బలు, తలుపులకి గుద్దుకోవడాలు పెంచారు. ద రింగ్, సైన్స్ లాంటి గంభీరమైన సినిమాలు పేరడీకి దొరకడం ఇంకో అదృష్టం, రెండూ బిగుసుకుపోయి నడిచేవే. మొదటి వీకెండ్‌లో 4.8 కోట్ల డాలర్లు, మొత్తం 22 కోట్లు. విమర్శకుల్లో మూడో వంతు చుట్టూ మెచ్చారు, రెండోదాంతో పోలిస్తే పెద్ద మెరుగే. అన్నట్టు దీని రచయితల్లో ఒకడైన క్రెయిగ్ మేజిన్ తర్వాత 2019లో చెర్నోబిల్ సిరీస్ రాశాడు, ఆ రెండూ ఒకే మనిషి రాశాడంటే ఎవరూ వెంటనే నమ్మరు.

ఐదో భాగానికి నిజంగా 4 శాతమేనా?

అవును, ఆ చుట్టుపక్కలే. 2013 ఏప్రిల్‌లో వచ్చింది, అన్నా ఫారిస్ లేదు, రెజీనా హాల్ లేదు. వంద రివ్యూల్లో నాలుగు మంచివి దొరకడమే కష్టమైన పరిస్థితి. ప్రపంచమంతా కలిపి 7.8 కోట్ల డాలర్లు, ఈ వరసలో అదే కనిష్ఠం.

ఎ హాంటెడ్ హౌస్ కూడా ఈ వరసలోదేనా?

కాదు, అది మార్లన్ వేయన్స్ విడిగా తీసుకున్నది. రెండో భాగం తర్వాత వేయన్స్ సోదరులు స్కేరీ మూవీ వరస నుంచి బయటికొచ్చేశారు. 2013 జనవరిలో, ఎవరో తీసుకున్న వీడియో దొరికినట్టు చూపించే పద్ధతిలో తీసే దయ్యం సినిమాల మీద మార్లన్ 25 లక్షల డాలర్లతో ఈ స్పూఫ్ చేశాడు. విమర్శకులు పదిమందిలో ఒకరు మెచ్చితే గొప్ప. వసూళ్ళు మాత్రం ప్రపంచవ్యాప్తంగా 6 కోట్లు, అమెరికాలో అయితే అదే ఏడాది వచ్చిన స్కేరీ మూవీ ఐదో భాగాన్ని దాటేసింది. ఇంత తక్కువ ఖర్చుతో తీసినప్పుడు రివ్యూలు ఎలా వచ్చినా నిర్మాతకి టెన్షన్ ఉండదు.

డేట్ మూవీ, ఎపిక్ మూవీ తీసింది కూడా వీళ్ళేనా? అందరూ వీళ్ళనే తిడుతున్నారు.

వేయన్స్ సోదరులు కాదు. మొదటి స్కేరీ మూవీకి ఆరుగురు రచయితల పేర్లు వేశారు, వాళ్ళలో జేసన్ ఫ్రీడ్‌బర్గ్, ఆరన్ సెల్ట్‌జర్ అనే ఇద్దరు తర్వాత సొంతంగా దర్శకత్వం మొదలుపెట్టారు. ప్రచారంలో స్కేరీ మూవీ పేరు వాడుకునేసరికి తిట్లన్నీ గంపగుత్తగా అందరికీ తగిలాయి. ఎపిక్ మూవీ (2007), మీట్ ద స్పార్టన్స్ (2008) రాటెన్ టొమాటోస్‌లో ఒంటి అంకె దాటలేదు, అయినా రెండూ తమ మొదటి వీకెండ్‌లో అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. స్పూఫ్ అంటేనే విమర్శకులు మొహం తిప్పుకునే స్థితి వచ్చింది ఎక్కువగా ఈ సినిమాల వల్లే.

## చూసేశాక

ఇప్పుడు చూస్తే నవ్వు రావట్లేదు. లోపం నాలోనా, సినిమాలోనా?

ఎవరిలోనూ కాదు, కాలంలో. స్పూఫ్ తాజా కూరగాయ లాంటిది, దేన్ని ఎగతాళి చేస్తుందో అది జనం నోట్లో నానుతున్నంత కాలమే రుచి. 2000లో థియేటర్లో కూర్చున్న కుర్రాడికి ఆ బీరు ప్రకటన నిన్న రాత్రి టీవీలో చూసింది, మీకు అది ఎవరో వివరిస్తే తప్ప తెలియదు. జోకుని వివరించాక నవ్వడం ఎవరి వల్లా కాదు.

ఇప్పటి విమర్శకులు కొత్తగా దేనికి అభ్యంతరం చెబుతున్నారు?

ముఖ్యంగా స్వలింగ సంపర్కుల మీద, ట్రాన్స్ మనుషుల మీద వేసిన జోకులకి. షాన్ వేయన్స్ చేసిన రే పాత్ర మొత్తం "వాడు స్వలింగ సంపర్కుడా కాదా" అనే ఒక్క తీగ మీద నడుస్తుంది. జిమ్ టీచర్ పాత్ర పేరు దగ్గర్నుంచి ఒంటిదాకా ఒకటే జోకు. 2000లో చాలా రివ్యూలు వీటిని మామూలు బూతు ఖాతాలో రాసి ముందుకెళ్ళిపోయాయి. ఇప్పుడు తిరిగి చూసేవాళ్ళు ఆగి, ఇక్కడ నవ్వుతున్నది సినిమాలని చూసా, మనుషుల్ని చూసా అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. అదే సమయంలో, హారర్ సినిమాల్లో నల్లజాతి పాత్రలకి ఇచ్చే అల్ప ప్రాధాన్యం మీద వేయన్స్ సోదరులు వేసిన జోకులు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయన్న మాటా వినిపిస్తుంది. ఒకే సినిమాలో రెండూ ఉన్నాయి.

పాత హారర్ స్పూఫ్‌లకి మంచి పేరుంది, వీటికెందుకు లేదు?

బూతు లేకపోవడం కారణం కాదు, మెల్ బ్రూక్స్ తీసిన యంగ్ ఫ్రాంకెన్‌స్టీన్ (1974)లో ద్వంద్వార్థాలకి కొదవేం లేదు. దానికి స్క్రీన్‌ప్లే విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. తేడా శ్రద్ధలో ఉంది. 1931 నాటి ఫ్రాంకెన్‌స్టీన్ లాగే ఉండాలని నలుపు తెలుపులో తీశారు, ఆ పాత సినిమాలో వాడిన ప్రయోగశాల సామాన్లే తెప్పించి సెట్లో పెట్టారు. ఎగతాళి చేస్తున్న దాని మీద ప్రేమ కనిపిస్తుంది, అది చూసినవాళ్ళు రెండు రకాలుగా ఆనందిస్తారు. బ్రూక్స్ కూడా ప్రతిసారీ గెలవలేదు లెండి, 1995లో డ్రాక్యులా మీద తీసిన స్పూఫ్‌ని విమర్శకులు బాగానే దులిపారు.

షాన్ ఆఫ్ ద డెడ్‌కి 90 పైన వచ్చింది, అదీ స్పూఫే కదా?

నా లెక్కలో కాదు. 2004లో వచ్చిన ఆ బ్రిటిష్ సినిమా జాంబీ సినిమాలని ఆటపట్టిస్తుంది కానీ తనే ఒక జాంబీ సినిమా కూడా, మనుషులు చస్తే బాధేస్తుంది. స్కేరీ మూవీలో ఎవరు చచ్చినా మనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఉండకూడదు కూడా. ఆ రెండింటి శాతాలు పక్కపక్కన పెట్టి పోల్చడం అనవసరం.

## మీరే రివ్యూ రాస్తుంటే

ఇలాంటి సినిమాకి దేన్ని చూసి మార్కులెయ్యాలి?

ఒక చిన్న పని చేయండి. నవ్వు వచ్చిన ప్రతిచోటా దేనికి నవ్వారో ఒక్క ముక్క రాసుకోండి. గుర్తుపట్టినందుకా, సిగ్గుతోనా, నిజంగా జోకుకా? మొదటి రెండూ గంట తర్వాత గుర్తుండవు. మూడోవి ఎన్ని మిగిలాయో అదే మీ రివ్యూ. కథలో లాజిక్ లేదు, పాత్రలు ఎదగలేదు అని రాయకండి, చదివేవాళ్ళు మిమ్మల్ని చూసి నవ్వుతారు.

జోకులు రివ్యూలో చెప్పేయొచ్చా?

ఒకటి చెప్పండి, అదీ ట్రైలర్‌లో ఉన్నది.

నాకు నవ్వు రాలేదు, హాలంతా పగలబడి నవ్వింది. ఏం రాయాలి?

రెండూ రాయండి. హాలు నవ్విందని మీరు నవ్వినట్టు రాయొద్దు, మీకు రాలేదని హాల్లో వాళ్ళందర్నీ తెలివితక్కువవాళ్ళని చేయొద్దు. ఎక్కడెక్కడ నవ్వారు, ఎలాంటి జోకుకి నవ్వారు, మీరెందుకు నవ్వలేకపోయారు అన్నది మూడు వాక్యాల్లో చెబితే చదివినవాడు తను ఏ వరసలో కూర్చుంటాడో తనే తేల్చుకుంటాడు.